చుక్క ముట్టని చరిత్ర

3, సోమవారం. ఉదయం 8.
మనవరాలికి హోటలు బారులో ఉద్యోగం వచ్చింది. ఇంకా పూర్తిగా రాలేదు. పదిహేనో తేదీన మేనేజరు ముందు ఓ పాత కాక్‌టెయిల్ కలిపి, దాని చరిత్ర చెప్పాలి. రెండూ కుదిరితే ఉద్యోగం. లేకపోతే వెళ్ళిన దారినే ఇంటికి.
పానీయం పేరు ఓల్డ్ ఫ్యాషన్డ్. "నీ పేరే పెట్టారు నానమ్మా" అంది.
ముప్ఫై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఆ సగం నాకొదిలెయ్యమన్నాను.
కోడలు గిన్నెలు కడుగుతూ, "చరిత్ర వరకేనా అత్తయ్యా?" అంది.
"చరిత్ర వరకే. చుక్క ముట్టను."
రెండో నియమం: ఆధారం లేని మాట అనను.

4, మంగళవారం. మధ్యాహ్నం 3.
ఈ పానీయం చరిత్ర అంటూ హోటలువాళ్ళు ఇచ్చిన కార్డు చదివాను. ఎవరో సేనాని గుర్రం దిగకుండానే దీన్ని కనిపెట్టాడట. ఏ సేనాని? ఏ గుర్రం? కొట్టేశాను.
అసలు సంగతి: 1806లో అమెరికాలో ఒక పాఠకుడు కాక్‌టెయిల్ అంటే ఏమిటని అడిగితే, పత్రికవాళ్ళు జవాబిచ్చారు. మద్యం, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్. తరవాతి కాలపు బారువాళ్ళు చేతికందిందల్లా అందులో పోయడం మొదలెడితే, విసిగిపోయినవాళ్ళు పాత పద్ధతిలోనే ఇమ్మన్నారు. అదే పేరయింది. ఆ విసిగినవాళ్ళు నాకు నచ్చారు.

6, గురువారం. సాయంత్రం 5.
మనవరాలు ఇంట్లో సాధన చెయ్యడానికి విస్కీ సీసా, బిట్టర్స్ తెచ్చుకుంది. బిట్టర్స్ అంటే మూలికల చేదు సారం. ఒకప్పుడు కడుపుకి మందుగా అమ్మేవారు. నాకు నిన్నటినుంచి ఉబ్బరం.
నీళ్ళలో నాలుగు చుక్కలు. మందు లెక్కలోకి రాదు.

7, శుక్రవారం. సాయంత్రం 5.
విస్కీ లేకుండా బిట్టర్స్ ఏం అర్థమవుతుంది? ఒక చెంచా. చరిత్రకారులు దీన్ని ప్రాథమిక ఆధారం అంటారు.

9, ఆదివారం. ఉదయం 11.
ఆధారాల పరిశీలన: ఆరు చెంచాలు. సీసాలో మట్టం దిగింది. కోడలి కన్ను సీసా మీద పడకముందే చల్లారిన టీ డికాషన్ పోశాను. అచ్చం అదే రంగు.

12, బుధవారం. సాయంత్రం 4.
చెంచా మానేశాను. గ్లాసు.
మనవరాలు కలిపి, నాలుక్కి రాసుకుని మొహం చిట్లించింది. "పలచగా వస్తోంది నానమ్మా. ఐసు ఎక్కువ కరుగుతోందేమో. కొంచెం వగరు కూడా."
"పాత పీపాల్లో ఊరిన సరుకు వగరుగానే ఉంటుంది."
రెండో నియమం కూడా పోయింది.
ఐసు తక్కువ కరగాలని, ముప్ఫైసార్లు తిప్పే పిల్ల పదికి దించింది.

14, శుక్రవారం. ఉదయం 10.
ఇప్పుడు అయిదుసార్లే తిప్పుతోంది. చెయ్యి దానికే అలవాటు పడింది. రేపు హోటలువాళ్ళ అసలు విస్కీతో ఇలాగే కలిపితే మేనేజరు గొంతు మండుతుంది. పిల్ల ఉద్యోగం అక్కడితో సరి.
నోరు విప్పితే కోడలు. విప్పకపోతే పిల్ల.
తమకి అనుకూలంగా శాసనాలు దిద్దించిన రాజుల్ని తిట్టి ముప్ఫై నాలుగేళ్ళు జీతం తీసుకున్నాను.

11.20. చెప్పాను. ఇద్దరి ముందూ.
"అయిదు రోజులనుంచి నేను టీ కలుపుతున్నానా?" అంది మనవరాలు.
"చక్కెర మాత్రం సరిగ్గా వేశావే."
నవ్వలేదు. చెప్పులేసుకుని కొత్త సీసా కొనడానికి వెళ్ళింది. రాత్రి 8. వచ్చాక సాయంత్రందాకా తిప్పుతూనే ఉంది, ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై. నా వైపు చూడలేదు.
కోడలు, "టీపొడి ఇంత త్వరగా ఎందుకైపోతోందా అనుకున్నాను అత్తయ్యా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

15, శనివారం. సాయంత్రం 6.
ఉద్యోగం వచ్చింది. మేనేజరు తాగి, తలూపి, చరిత్ర విని, గుర్రం ఏదని అడిగాడట. "మా నానమ్మ తీసేసింది సార్" అందట. నేను ఇంకేం తీశానో చెప్పలేదట. వంశం పరువు నిలబెట్టింది.
నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మాటలు కలిసినట్టే.

17, సోమవారం. ఉదయం 8.
వచ్చే నెలకి మార్టీని అనే కాక్‌టెయిల్ అట. దాని పుట్టుక గురించి ఉన్న కథల్లో ఒకదానికొకటి పడదు. చాలా పని ఉంది.
"చరిత్ర వరకే. చుక్క ముట్టను" అన్నాను.
కోడలు టీపొడి డబ్బా అలమారలో పెట్టి తాళం వేసింది.
మార్టీనిలో పోసే జిన్ను ఏ రంగులో ఉంటుందని పిల్లని అడిగాను. నీళ్ళలాగే ఉంటుందట.
కుళాయికి తాళం లేదు.