చిల్లుల పెట్టె

ప్రియమైన పిచ్చుకా,

మన జామకాయలు మీ దేశానికి బయల్దేరాయి. వంద పెట్టెలు. లారీ కదులుతుంటే రైతుల సంఘం ప్రెసిడెంటుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఏడవకండి సార్, మా ఇంటి ఆడపిల్ల ఒకతి ముందే వెళ్ళి అక్కడ కాపురం పెట్టింది, వీటినీ అదే చూసుకుంటుంది" అన్నాను. షెడ్డంతా నవ్వింది. ఇక నీదే బాధ్యత.

మూడు లోడ్లు పంపాలి, వారానికొకటి. మూడూ నచ్చితే మీ హోల్‌సేల్ పెద్దాయన సీజనంతా మన దగ్గరే కొంటాడు. నచ్చకపోతే తోటల్లో కాయంతా జామ్ ఫ్యాక్టరీకి, మా షెడ్డుకి తాళం, పెట్టెలు సర్దే నలభైమంది ఇంటికి. అందుకే కాయ ఏరే పని నాకు అప్పజెప్పారు. నాన్న నేర్పిందే కదా. కాయ అడుగున ముక్కు పెట్టు. వాసన అప్పుడప్పుడే మొదలైతే దోరకాయ, రెండు రోజుల ప్రయాణం తట్టుకుంటుంది. గుప్పుమంటే పక్కన పడెయ్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టి నేను సంపాదించిన డిగ్రీ ఇదొక్కటే.

మీ వదిన టీ తెచ్చే వంకతో పొద్దస్తమానం నా పక్కనే నిలబడి దగ్గుతోంది. చలికాలంలో నాకొచ్చిన జ్వరం తనని పట్టుకున్నట్టుంది. మొన్న పొయ్యి మీద పాలు మాడి బొగ్గయినా, పక్కనే కూర్చున్న నాకు తెలీలేదని ఇప్పటికీ తిడుతోంది.

ఒక్క పని చేసిపెట్టు. పెట్టె తెరవగానే వాసన ఎలా వచ్చిందో రాయి. వివరంగా రాయి.

నీ కోతి అన్న

✱

కోతి అన్నయ్యకి పిచ్చుక రాసేది,

వాసన బాగుంది. అంతే, ఇంతకన్నా వివరంగా రాయను, ఏం చేస్తావ్?

కాయ మాత్రం అమ్ముడుపోలేదురా అన్నయ్యా. శనివారం స్టాల్ పెట్టాం. మీ బావ పెళ్ళి నాటి కోటు ఎక్కించుకుని, బొత్తాలు పట్టకపోయినా, "రండి, రుచి చూడండి" అని గొంతు పోయేలా అరిచాడు. ఇక్కడివాళ్ళకి జామ అంటే డబ్బాలో రసమే. పచ్చగా, గట్టిగా ఉన్న కాయని వేలితో నొక్కి, "ఇంకా పండలేదమ్మా" అని ముందుకెళ్ళిపోతున్నారు. పళ్ళెంలో ముక్కలు ఎండిపోయాయి. సగం పెట్టెలు మిగిలాయి.

పదకొండేళ్ళుగా ఈ మార్కెట్లో కూరగాయలు అమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే పెద్దాయనకి మాటిచ్చాను, "మా అన్న ముక్కు తప్పదండీ" అని. ఆయన వచ్చాడు, మిగిలిన పెట్టెలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఏదైనా ఆలోచించు. కోతి బుద్ధి పనికొచ్చే రోజు ఇదే.

నీ చెల్లెలు

✱

ప్రియమైన పిచ్చుకా, ముక్కు చీదుకుని చదువు.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు చెప్పుల పెట్టెకి చిల్లులు పొడిచి, "లోపల జామపండుంది, కళ్ళు మూసుకుని వాసన చూడు" అన్నాను. నువ్వు ఆశగా ముక్కు ఆనించావ్. లోపల నాన్న మేజోడు! మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ నన్ను గరిటె పుచ్చుకుని వీధంతా తరిమింది.

ఆ పెట్టే చెయ్యి మళ్ళీ. ఈసారి మేజోడు వద్దు. మిగిలిన కాయ ఈపాటికి పండి ఉంటుంది, నాలుగు లోపల పెట్టి మూత వెయ్యి, చిల్లులు పొడిచెయ్. "ఇదేంటో చెప్పండి, చెప్పినవాళ్ళకి ఒక కాయ ఉచితం" అను. దాన్ని చేతికిచ్చి, "రెండు రోజులు వంటింట్లో ఉంచండి, ఇల్లంతా ఇదే వాసన" అను. కంటికి నచ్చకపోతే ముక్కుని పిలవాలి.

నాన్న తోట నుంచి రాగానే మనిద్దరం చొక్కా కోసం కొట్టుకునేవాళ్ళం గుర్తుందా? ఉతకడానికి వేసేలోపు చెరో చెయ్యి పట్టుకుని మొహం దాచుకునేవాళ్ళం. ఆ వాసన ఎలా ఉండేదో నీకు గుర్తుంటే రాయి. నాకు సరిగ్గా అందట్లేదు.

రెండో లోడు ఎక్కించాం. వాళ్ళమ్మకి కాలు బెణికిందని మీ వదిన వారం రోజులకి వెళ్తోంది. ఇల్లూ షెడ్డూ ప్రశాంతం, దగ్గేవాళ్ళు లేరు.

నీ కోతి అన్న

✱

అన్నయ్యకి,

రెండు వారాల కబురు ఒకేసారి రాస్తున్నాను. ముందు మంచిది. చిల్లుల పెట్టె దగ్గర జనం వరస కట్టారు. ఒకాయన మూడుసార్లు వరసలో నిలబడ్డాడు, కాయ కోసం కాదట, వాసన కోసమట. రెండో లోడు మధ్యాహ్నానికే ఖాళీ. పెద్దాయన నవ్వడం పదకొండేళ్ళలో మొదటిసారి చూశాను.

ఇప్పుడు చెడ్డది. మూడో లోడు నిన్న వచ్చింది. వందలో నలభై పెట్టెలు మెత్తబడి, రసం కారి, కింద అట్ట కూడా నానిపోయింది. పెద్దాయన ఒక కాయ నా అరచేతిలో పెట్టి, "మీ అన్న ముక్కు తప్పదన్నావుగా" అని వెళ్ళిపోయాడు. అందరి ముందూ ఆ రసం తుడుచుకున్నాను.

నువ్వు ఏరిన కాయ కాదిది. ఎవరు ఏరారు? జోకులొద్దు. నిజం రాయి.

పిచ్చుక

✱

చెల్లీ,

నేనే ఏరాను.

చలికాలం జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. పాలు మాడినా తెలీదు, వాన పడినా మట్టి వాసన తెలీదు. డాక్టరు చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. షెడ్డులో చెప్పడానికి నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా నన్ను అందరూ ముక్కుమామా అనే పిలుస్తారు. ముక్కు లేని ముక్కుమామ ఎవరికి కావాలి?

మొదటి రెండు లోడ్లూ ఏరింది మీ వదిన. నేను కాయ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని నాటకం ఆడేవాణ్ణి, తను పక్కనుంచి వాసన చూసేది. ఒకసారి దగ్గితే పెట్టెలోకి, రెండుసార్లు దగ్గితే గుప్పుమంటోందని, పక్కకి. పాతికేళ్ళుగా నా పక్కన ఉండి అంతా నేర్చేసుకుంది. మూడో లోడప్పుడు తను లేదు. పాత అలవాటు మీద నెట్టుకొచ్చేద్దాం అనుకున్నాను. నా మీద వేసుకోవాల్సిన జోకు నీ మీద పేలింది.

రేపు పొద్దున్నే ప్రెసిడెంటుగారికి చెప్పేస్తాను. మీ పెద్దాయనకి నువ్వే చెప్పు, తప్పు కాయది కాదు, తోటది కాదు, నాది.

పెట్టె తెరిస్తే వాసనెలా ఉందని అడుగుతుంటే వేళాకోళం అనుకున్నావు కదూ. నిజంగానే అడిగానే.

అన్న

✱

పిచ్చి అన్నయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. చదివి వినిపించాను, దగ్గులతో సహా. ఆయన మీసం దువ్వుకుని, "తప్పు ఒప్పుకున్నవాడి దగ్గర ఇంకో లోడు కొనొచ్చు. ఒక్కటే షరతు. పెట్టె మీద ఆ దగ్గే ఆవిడ సంతకం ఉండాలి" అన్నాడు. వదినకి చెప్పు. నువ్వు టీ మోయడం మొదలుపెట్టు.

ఇక వాసన సంగతి. నాలుగు పండ్లు ముందు పెట్టుకుని కూర్చుని రాస్తున్నాను. ముందు తియ్యగా కాదు, కాస్త వగరుగా వస్తుంది, విరిచిన పచ్చి కొమ్మలా. తర్వాత తీపి, నెమ్మదిగా, పక్కగదిలో ఎవరో పాకం పడుతున్నట్టు. చివర్లో కొంచెం చెమట. అవును, చెమటే. నాన్న చొక్కా కుడి చేతి మడత. నువ్వెప్పుడూ కుడి చెయ్యే లాక్కునేవాడివి, నాకు ఎడమదే దక్కేది. ఇప్పుడు కుడిది నీకు రాసి పంపుతున్నాను.

దీంతోపాటు ఒక చిన్న పెట్టె వస్తుంది. చిల్లులున్నాయి. మూత తియ్యకు. కళ్ళు మూసుకుని ముక్కు పెట్టు. వదినని పక్కన నిలబెట్టుకో, ఎన్నిసార్లు దగ్గుతుందో లెక్కపెట్టు.

నీ పిచ్చుక

✱

పిచ్చుకా,

నాలుగో లోడు ఇవాళ బయల్దేరింది. పెట్టె పెట్టె మీదా మీ వదిన సంతకం, వంకరగా. టీ నేనే మోశాను.

నీ పెట్టె అందింది. మూత తియ్యలేదు. కళ్ళు మూసుకుని, చెప్పినట్టే ముక్కు ఆనించాను. నాకేమీ రాలేదు.

మీ వదిన రెండుసార్లు దగ్గింది.

నీ కోతి అన్న