నేను దించండి అన్నాను

ఈ దీవిలోని వండూర్‌లో కాపురముంటున్న, కీర్తిశేషులు జోగులు గారి ఒక్కగానొక్క కూతురు లక్ష్మీకుమారి అనే నేను, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నేను ఐదో తరగతి వరకే చదివాను. అక్షరాల తప్పులు యుగంధర్ మాస్టారు దిద్దారు. మాటలు నావే.

నా గుండెలో ఒక కవాటం పాడైంది. బుధవారం ఓడలో ఆపరేషన్‌కి చెన్నై వెళుతున్నాను. మా అమ్మ తోడు వస్తోంది. నా భర్త పాప దగ్గర ఉంటారు. మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పేరు రాయకపోతే కాగితం నిలవదని మాస్టారు చెప్పారు. ఈ కాగితం ముగిసేలోగా రాస్తాను. నాకు కొంచెం సమయం కావాలి.

1. మా నాన్న నాకు రాసిచ్చిన పద్దెనిమిది అడుగుల చెక్క పడవ, దాని నిలువు కొయ్య, చాప వేలాడే అడ్డ గడ, తెరచాప, చుక్కాని, తాళ్లు, ఇంజను సహా, నా తదనంతరం నా భర్తకు చెందాలి. సర్వహక్కులతో అని రాస్తే అమ్మే హక్కు కూడా వస్తుందట. కాబట్టి అమ్మే హక్కు తప్ప మిగతా హక్కులన్నీ అని రాస్తున్నాను. ఆ పడవ రెండేళ్లుగా ఒడ్డున బోర్లా పడి ఉంది. విడగొట్టి చెక్క కింద అమ్మేయాలని మా అత్తగారు ముసలమ్మ గారు చూస్తున్నారు. ఆయన కూడా వద్దనడం లేదు. ఎందుకు వద్దనడం లేదో నాకు తెలుసు. అందుకే రెండో అంశం.

2. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. రెండేళ్ల కిందట మా పెదనాన్న ఇంటి నుంచి పడవలో తిరిగి వస్తుండగా ఇంజను ఆగిపోయింది. చాప ఎత్తాము. నేను వెనక చుక్కాని పట్టుకున్నాను. ఆయన కొయ్య దగ్గర, ముందుకి తిరిగి కూర్చున్నారు. మా వెనక నీళ్లు నల్లబడి, ఆ నలుపు మా వైపు పరిగెత్తుకొస్తోంది. మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు: "అమ్మీ, నీల్ల రంగు మారిందంటే ముందు చాప తగ్గించీ. నాతో కబుర్లు తరవాత." గడను ఒక బారెడు కిందికి దించి, అడుగున మిగిలిన గుడ్డను చుట్టి కట్టేస్తే పడవ నిలబడుతుంది. నేను "ఏవండీ" అన్నాను. గాలికి వినపడలేదు. పేరు నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. "దించండి" అన్నాను. ఎన్నడూ పెద్దగా అరవని గొంతు నాది. ఆయనకి "తెంచండి" అని వినపడింది.

నా మాట మీద నమ్మకంతో, వెనక్కి కూడా చూడకుండా, గడను మోసే తాడు కత్తితో తెంచేశారు. గడ మొత్తం ఆయన ఎడమ చేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. మూడు వేళ్లతో ముడి పడదని ఆయన మళ్లీ పడవ ముట్టలేదు.

ఆస్పత్రిలో తాడు దానంతటదే తెగిందని చెప్పారు. నన్ను కాపాడాలని అలా చెప్పారు. కానీ తెంచమని నేనే అరిచానని అత్తగారి చెవిన ఎలాగో పడింది. "నోరిప్పక నోరిప్పక ఇప్పింది, నా కొడుకు ఏల్లు తీసీసింది" అని ఊరంతా చెప్పారు. దించండి అన్నానని చెబితే తప్పు ఆయన చెవి మీదికి పోతుంది. చెప్పకపోతే చాప సంగతి తెలియని దానినని మా నాన్న పేరు పోతుంది. రెండేళ్లు ఈ రెండిటి మధ్యా ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నాను: నేను దించండి అన్నాను. తప్పు ఆయన చెవిది కాదు, నా గొంతుది.

3. ఇకమీదట ఆ పడవలో దించు అనే మాట ఎవరూ వాడకూడదు. జార్చు అనాలి. ఏ గాలిలోనైనా జార్చు మరో మాటలా వినపడదు. ఒంటరిగా వంటింట్లో అరిచి చూశాను.

4. తెరచాప అటక మీద ఉంది. చుట్టిన గుడ్డను కట్టే అడుగు వరసలోని పొట్టి కట్టుతాళ్లన్నీ విప్పేసి, జానెడు పొడుగెక్కువ ఉన్నవి కుట్టాను. ఒక్క లాగుకి ఊడిపోయే ముడి మూడు వేళ్లతో పడుతుందా లేదా అని, నా ఎడమ చేతి రెండు వేళ్లు మడిచి గుడ్డతో చుట్టుకుని కట్టి చూశాను. మొదటి రోజు పడలేదు. పదకొండో రోజుకి పడింది. తాడు కొస పళ్లతో పట్టుకోవాలి, అంతే. ముందు మూల, తర్వాత వెనక మూల, ఆ తర్వాతే మధ్యవి. విప్పేటప్పుడు మధ్యవే ముందు, లేకపోతే గుడ్డ చిరుగుతుంది. ఈ తాళ్లు నేను నా భర్తకిచ్చే కానుక. పడవ కంటే ఇదే ఎక్కువ అనుకోవాలి.

5. నా కుట్టు మిషను, మా నాన్న చాపలు కుట్టిన పెద్ద సూది మా పాప సుష్మకి. దానికి ఏడేళ్లు. పడవలో ఉన్నప్పుడు ముందు "నాన్నా" అని గట్టిగా పిలిచి, ఆయన తల తిప్పాకే చెప్పవలసింది చెప్పాలి. పెద్దయి పెళ్లి చేసుకుంటే భర్తని పేరు పెట్టి పిలవాలి. ఎవరైనా మూతి ముడిస్తే ఈ అంశం చదివి వినిపించాలి.

6. నా వెండి పట్టీలు అత్తగారికి. కోపంతో ఇవ్వడం లేదు. నేను ఇంట్లో ఉన్నట్టే తెలియదని ఆవిడ విసుక్కునేవారు. గలగలమనేవి అవొక్కటే నా దగ్గర ఉన్నాయి.

7. తాడు తెంచిన ఆ కత్తి బియ్యం డబ్బా వెనక దాచాను. అది మా పక్కింటి రామ్‌ప్రసాద్ భయ్యాకి, చేపలు కోసుకోవడానికి మాత్రమే. నా భర్త పేరు పలకలేనని తెలిసి భయ్యా ఒకసారి నవ్వాడు: "అరే దీదీ, నామ్ మే హీ జీ హై! పేరులోనే గారు అనే మర్యాద ఉంది కదా, ఇంకా షరమ్, సిగ్గు ఎందుకు?" ఆ నవ్వులాటే నాకు ఈ కాగితం రాసే ధైర్యమిచ్చింది.

8. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత యుగంధర్ మాస్టారిది. ఒకటో అంశంలో, నాలుగో అంశంలో నా భర్త అన్నచోటల్లా శివాజీ అని చదువుకోవాలి. మూడక్షరాలు. రాయడానికి ఇంతసేపు పట్టింది.

శివాజీ, పడవని తిరగెయ్యండి.

9. నేను బతికి వస్తే ఇది చెల్లదు. తిరిగొచ్చే ఓడ గట్టుకి చేరినప్పుడు, నిచ్చెన వేయకముందే, పైనుంచి అందరికీ వినపడేలా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాను. ఆ పిలుపు వినపడితే మాస్టారు ఈ కాగితం విప్పకుండా నాకు తిరిగి ఇచ్చేయాలి. వినపడకపోతేనే అందరి ముందూ చదవాలి.

వండూర్, 2024 జూన్ 9, ఆదివారం.

(సంతకం) లక్ష్మీకుమారి, శివాజీ గారి భార్య

మా ఎదుట సంతకం చేసింది:
సాక్షి 1: యుగంధర్, ఉపాధ్యాయుడు
సాక్షి 2: మణికుమార్, జెట్టీ దగ్గర దుకాణం