మోచెయ్యి చెవికి తగలాలి

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. ఫోన్ చేస్తే నువ్వు ఏదో ఒక మీటింగులో ఉంటావు. నేనా, చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడలేను. అందుకే రాస్తున్నాను. భుజం ఎత్తలేను గానీ, చెయ్యి బల్ల మీద ఆనించుకుంటే అక్షరాలు బాగానే వస్తున్నాయి.

నన్ను గుద్దిన కారు తాలూకు బీమా కంపెనీ జవాబు పంపింది. కారు మెల్లగానే వచ్చిందట. నేనే తూలి పడ్డానట. భుజంలో తెగిన కండరం కూడా కారు వల్ల తెగింది కాదట, ఈ వయసుకి ఎవరికైనా అరిగిపోతుందట. జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతున్నదాన్ని, నేనెందుకు తూలుతానురా?

ఆపరేషన్ చేస్తే చెయ్యి మళ్ళీ పైకి లేస్తుందని మా డాక్టరమ్మ అంటోంది. ఆ ఖర్చు కంపెనీ ఇస్తేనే అది జరుగుతుంది. లాండ్రీలో తడి దుప్పట్లు తలకన్నా ఎత్తున ఉన్న తీగ మీద వెయ్యాలి. యజమానురాలు మంచిదే, కానీ "నీ చోటు ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచను, చెప్పు?" అని అడిగింది. ఏం చెప్పను?

ఇప్పుడు మీ బావ నాకు జడ వేస్తున్నారు. జడ కాదు, మోకు పేనుతున్నారు. నవ్వితే భుజం లాగుతుంది.

నిపుణుల సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని వకీలుగారు అన్నారు. కోర్టుల్లో అలా సాక్ష్యం చెప్పడమే కదా నీ పని. నాకు అర్థమయ్యేలా రాయి.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

బావ జడ సంగతి చదివి పిల్లలు ఒకటే నవ్వు.

కారు ఎంత వేగంగా వచ్చిందో డ్రైవరు చెప్పడు. రోడ్డు మీద టైరు గీతలు, బానెట్ మీద సొట్ట చెబుతాయి. వాటిని కొలిచి చెప్పే ఇంజనీరు మొదట కావాలి. ఇక నొప్పి సంగతి. నువ్వు నొప్పి అంటే ఎదుటివాళ్ళు నటన అంటారు. అదే మాట ఎముకల డాక్టరు స్కాను పట్టుకుని, "ఇది అరుగుదల కాదు, ఒక్క దెబ్బకి తెగింది" అంటే జడ్జి వింటాడు. మూడోవాడు, నువ్వు చేసే పని దగ్గరుండి చూసి, ఆ పనికి భుజం ఎంత అవసరమో చెప్పేవాడు. ఈ ముగ్గురూ ఉంటే నీ మాటకి బలం వస్తుంది.

నేను చెబితే చెల్లదు, తమ్ముణ్ణి కదా. కంపెనీ కూడా తన నిపుణుల్ని తెచ్చుకుంటుంది. మా ఆఫీసు పని చేసేది ఇలాంటి కంపెనీలకే, నీకు తెలుసు. నీ ఫైలు మా దగ్గరికి వస్తే మొదట నీకే చెబుతాను. దేవుడి తోడు. మోచెయ్యి చెవికి తగిలేలా ఎత్తి మరీ చెబుతున్నాను, సరేనా?

నీ బుడ్డోడు

ప్రియమైన బుడ్డోడికి,

నువ్వు చెప్పిన ముగ్గురూ దొరికారు. ఎముకల డాక్టరు మా డాక్టరమ్మే. ఇంజనీరు రోడ్డు మీద మోకాళ్ళేసి సుద్దతో గీతలు గీసుకుంటుంటే, జనం ఏదో పోగొట్టుకున్నాడనుకుని తామూ వెతికారు. పని చూడడానికి వచ్చినావిడ లాండ్రీలో తడి దుప్పటి ఒకటి తానే ఎత్తి చూసింది. "అబ్బో, రోజంతా ఇదేనా?" అని భుజం పట్టుకుంది. నా పని కష్టమని బయటివాళ్ళు అనడం నేను వినడం అదే మొదలు.

ఒక్క సంగతికి మాత్రం మనసు ఒప్పడం లేదు. కోర్టులో ప్రమాణం చేసేటప్పుడు కుడి చెయ్యి ఎత్తాలి కదా. డాక్టరమ్మ వద్దంది. "ఒక్కసారి లేస్తుందమ్మా. కానీ చిరుగు పెద్దదవుతుంది. ఒక్కసారి ఎత్తడం వేరు, రోజంతా ఎత్తడం వేరు. ఆ తేడా నేను కోర్టులో చెబుతాను, నువ్వు చూపించక్కర్లేదు" అంది. చెయ్యెత్తకుండా, కూర్చునే ప్రమాణం చెయ్యడానికి వకీలుగారు అనుమతి తీసుకున్నారు.

నీకు పంచదార డబ్బా గుర్తుందా? నువ్వు సగం చెయ్యెత్తి "దేవుడి తోడు, నేను తినలేదు" అంటే, మూతి నిండా పంచదారే. అమ్మ నీ చెయ్యి పట్టి పైకి లాగి, "మోచెయ్యి చెవికి తగలాలి. సగం చేత్తో చెప్పింది సగం అబద్ధం" అంది. ఆవిడ పోయేదాకా అదే మాట. కుర్చీలో కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దేవుడి పేరు ఎలా తలుచుకోనురా?

నీ అక్క

ప్రియమైన అక్కకు,

పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది. నన్ను మా విభాగానికి పెద్దని చేశారు. బావకి చెప్పు, ఇక నన్ను చూసి లేచి నిలబడాలని.

డాక్టరమ్మ చెప్పినట్టే కూర్చుని ప్రమాణం చెయ్యి. దేవుడేమీ అనుకోడు. మొన్న టీ తాగుతూ మా ఆఫీసు డాక్టరుగారికి పంచదార డబ్బా కథ చెప్పాను. పడీ పడీ నవ్వాడు. "మీ అక్కగారు ఇప్పటికీ అమ్మ మాట మీదే ఉన్నారా?" అన్నాడు. ప్రాణం పోయినా అంతే అన్నాను.

ధైర్యంగా వెళ్ళు.

నీ బుడ్డోడు

తమ్ముడికి,

కోర్టు అయింది. తీర్పు ఇంకా రాలేదు.

ఇంజనీరు, పని చూసినావిడ బాగా చెప్పారు. కారు మెల్లగా రాలేదని తేలింది. డాక్టరమ్మ కూడా స్కాను చూపించి చెప్పింది; ఆ తేడా సంగతి ఎవరూ అడగకముందే ఆసుపత్రిలో పనుందని వెళ్ళిపోయింది. తర్వాత నన్ను పిలిచారు. కుర్చీ వేశారు. కూర్చున్నాను.

అప్పుడు కంపెనీ వకీలు లేచాడు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"అమ్మా, మీరు భక్తిపరులని విన్నాం. దేవుడి పేరు మీ ఇంట్లో ఇలా కూర్చునే తలుచుకుంటారా?"

నేను ఒళ్ళోని చేతిని చూసుకున్నాను.

"మోచెయ్యి చెవికి తగలక్కర్లేదా అమ్మా?"

మా వకీలుగారు "వద్దమ్మా, వద్దు" అంటూనే ఉన్నారు. నేను లేచాను. ఎత్తాను. చెవికి తగిలింది. లోపల గుడ్డ చిరిగినట్టు చప్పుడు నాకే వినబడింది. పళ్ళు బిగబట్టి ప్రమాణం పూర్తి చేశాను.

చివర కంపెనీ డాక్టరు వచ్చాడు. "అందరూ చూశారు కదా. ఈ భుజానికి ఆపరేషన్ ఎందుకు?" అని చిన్నగా నవ్వాడు. ఒక్కసారికీ రోజంతాకీ తేడా చెప్పడానికి డాక్టరమ్మ అక్కడ లేదు. నేను చెప్పబోయాను. నా గొంతు సంగతి నీకు తెలుసు. "గట్టిగా చెప్పండి" అన్నారు జడ్జిగారు. ఈలోగా వాళ్ళు వేరే ప్రశ్నకి వెళ్ళిపోయారు.

మా వకీలుగారు ఆ డాక్టరుని ఏ ఆఫీసు అని అడిగితే, నీ ఆఫీసు పేరే చెప్పాడు.

ఇప్పుడు చెయ్యి నడుం దాకా కూడా రావడం లేదు. లాండ్రీలో నా తీగ దగ్గర వేరే ఆవిడ నిలబడుతోంది. అమ్మ మాట బతికున్నవాళ్ళలో మనిద్దరికే తెలుసు.

నీకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా? అంతే అడుగుతున్నాను.

అక్క

అక్కా,

నేను కావాలని చెయ్యలేదు. ఫైలు వచ్చిన సంగతి తెలుసు. బయటికి చెప్పకూడదని మా ఆఫీసులో పద్ధతి. నేను ఆ పనిలో వేలు కూడా పెట్టలేదు. టీ దగ్గర సరదాగా అన్న మాట అంత దూరం వెళ్తుందని ఎవరనుకుంటారు?

నిజానికి నువ్వెందుకు ఎత్తావు? కూర్చోమని నేను రాయలేదా?

మీ వకీలు మా ఆఫీసుకి నోటీసు పంపాడు. ఆ మాట ఎవరు చెప్పారని తేలితే నా ఉద్యోగం పోతుంది. ఇంక ఏ కోర్టూ నన్ను సాక్షిగా పిలవదు. పిల్లల్ని చూసైనా ఊరుకో. అమ్మ ఉంటే ఇంటి సంగతి బజారుకి లాగనిచ్చేదా? నీది మెత్తని మనసు, నువ్వు దేవుణ్ణి నమ్మినదానివి. నన్ను క్షమించు. ఆపరేషన్‌కి నేనూ కొంత సాయం చేస్తాను.

నీ బుడ్డోడు

తమ్ముడికి,

ఎందుకు ఎత్తానని అడిగావు. వకీలు ఆ మాట అనగానే అది నీ నోటి నుంచి వచ్చిందని తెలిసిపోయింది. ఆ క్షణంలో పట్టుకోవడానికి నాకు దేవుడొక్కడే మిగిలాడు. అందుకని ఎత్తాను. తెలివితక్కువ పనే. నా భుజం, నా తెలివితక్కువతనం. కానీ ఆ మాట వాళ్ళ చేతికి ఇచ్చింది నేను కాదు.

క్షమించమన్నావు. క్షమించాను. అది ప్రార్థనలో అయిపోయింది, మళ్ళీ అడగకు. సాక్ష్యం వేరు.

నీ సాయం వద్దు. గుద్దినవాళ్ళు ఇవ్వాల్సింది నువ్వు ఇస్తే, గుద్దినవాళ్ళు ఎవరో నాకే తెలియకుండా పోతుంది.

ఆ డాక్టరు సాక్ష్యం కొట్టెయ్యమని, మా డాక్టరమ్మని మళ్ళీ పిలవమని వకీలుగారు అడిగారు. జడ్జిగారు ముందు నన్ను వింటామన్నారు. మళ్ళీ ఆ కుర్చీ వేస్తారు. ఈసారి కూర్చునే ప్రమాణం చేస్తాను. చెయ్యి ఒళ్ళోనే ఉంటుంది. పైకెత్తిన చేత్తో నువ్వు నాకు ఇచ్చిన మాట ఏమైందో చూశాక, దేవుడు చేతుల్ని చూడడని నాకు తెలిసింది.

"మీ అమ్మగారి మాట తెలిసినవాళ్ళు ఇంకెవరు?" అని వకీలుగారు అడుగుతారు. నువ్వని చెబుతాను.

రోజూ సాయంత్రం సాధన చేస్తున్నాను. మీ బావ పక్క గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. నేను ఇక్కడి నుంచి "నా తమ్ముడు" అంటాను. మొదట్లో వినబడలేదన్నారు. నిన్నటి నుంచి వినబడుతోందట.

అక్క