జాజుతో రాసిన గోడ

ఆదివారం, మహదేవపూర్

గోదావరి వరద తగ్గింది. కూలిన ఇళ్ల పంచనామా రాస్తూ ఈరోజు రాజక్క ఇంటికి వెళ్లాను. మూడు మట్టిగోడలు కరిగి కుప్పపడ్డాయి. వీధి వైపు గోడ ఒక్కటే నిలబడి ఉంది. దాని మీద నా అక్షరాలు: జై తెలంగాణ.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ ఎగ్గొట్టి, గోడల మీద నినాదాలు రాస్తూ ఊళ్లు తిరిగేవాళ్లం. అప్పుడు రాజక్క కొత్త కోడలు. మక్క గటక పెట్టి, రాయడానికి జాజు, అదే ఎర్రమట్టి, కలిపిచ్చింది. ఇన్నేళ్లూ ఏటా అక్షరాలను వదిలి గోడకు సున్నం వేసి, వాటిని మళ్లీ జాజుతో దిద్దుతోందట. చదువురాని మనిషి, నా వంకర గీతలను వంకరగానే దిద్దింది. ఇప్పుడు మళ్లీ ఊరంతా అదే నినాదం.

ఒక్క గోడ నిలిచినా 'పాక్షిక నష్టం' అనే రాయమన్నారు పై అధికారులు. అలా రాస్తే ఆమెకు కొత్త ఇల్లు రాదు. ఆ గోడా పడిపోతే మంచిదని మెల్లగా అన్నాను. ఆమె కొడుకు గడ్డపార అందుకున్నాడు.

"ఆగురా!" రాజక్క గోడకు అడ్డం నిలబడింది. నా వైపు తిరిగి, "రాసినోనివి నువ్వే, కూలగొట్టుమనేటోనివి నువ్వేనా తమ్మీ? తెలంగాణ రానీ, నేనే కూలగొడత," అంది.

రేపు పొద్దున్నే ఫారాలు ఇచ్చేయాలి. రాజక్క పేరు పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది.