నలభై దాటని దారి

అన్నయ్యా,

నువ్వు ముచ్చటపడి కొన్న స్పీడు కారుకి ఇవాళ్టితో పదిహేను వందల కిలోమీటర్లు నిండాయి. మెకానిక్కు చూసి, "ఇంజను బాగా కుదురుకుందండి. ఇక ఎంత తొక్కినా ఫర్వాలేదు" అన్నాడు.

ఆ రోజు నిన్ను బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, వెనక సీట్లో గుండె పట్టుకుని పడుకుని కూడా నీది ఒకటే పోరు: "నలభై దాటించకురా, కొత్త ఇంజను పట్టేస్తుంది. నాకేం కాదు, గ్యాసు నొప్పే." వెర్రివెధవని, నీ మాట విన్నాను. ఎ.కొండూరు దాటాక నువ్వు మళ్ళీ మాట్లాడలేదు.

ఇవాళ తిరువూరు నుంచి అదే దారిన ఎనభైలో పోయాను. గంటకల్లా ఆసుపత్రి గేటు ముందున్నాను. దిగి, నీలాగే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాను.

నువ్వు భయపడినంత వేడేమీ లేదన్నయ్యా.