పిల్లల్ని బడి మానిపించాం, మేడం

మేడం,

మీ దేశం వెళ్లాక మీరు చనిపోయారని అవాలిలో నేను పనిచేసిన మీ ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు చెప్పారు. అయినా ఈ సంగతి మీకే చెప్పాలి. నాకు వచ్చిన తెలుగులోనే రాస్తున్నాను.

వంటింట్లో మీరు మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ మీ నాన్నగారి చిన్నతనం చెప్పేవారు. మెక్సికో నుంచి అమెరికా వచ్చిన కూలీల పిల్లల్ని వేరే బడిలో కూర్చోబెడితే, తల్లులు వాళ్లను ఇళ్లలోనే ఉంచేసుకున్నారని, కోర్టులో గెలిచారని.

ఇక్కడి బడిలోనూ డ్రైవర్ల పిల్లల్నీ పనివాళ్ల పిల్లల్నీ వెనకాల రేకుల గదిలోకి మార్చారు. ఇంగ్లీషు రాదట. మీ పిల్లలతో మా జ్యోతి ఎలా మాట్లాడేదో మీకు తెలుసు. నలుగురిలో నోరెత్తని నేనే మేముండే బుసైతీన్‌లో ఇంటింటికీ వెళ్లి మీ కథ చెప్పాను. అందరం పిల్లల్ని మానిపించాం.

బడివాళ్లు మాతో ఏమీ అనలేదు. మా మగవాళ్లకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీళ్లకు ఫోన్లు చేశారు.

"మా ఆయన వీసా పోతే మీ మేడం వచ్చి ఇస్తుందా పిల్లా?" అంది పక్కింటి సత్యవతక్క. మర్నాడే వాళ్ల బాబుని బడికి పంపేసింది. తక్కినవాళ్లూ పంపేశారు.

చివరికి నేనూ జ్యోతిని తీసుకెళ్లాను. మొదలుపెట్టింది నేనేనని బడివాళ్లకు తెలిసిపోయింది. ఆ రేకుల గదిలోనే ఓ మూల కూర్చోబెట్టండని చేతులు పట్టుకుని బతిమాలాను మేడం. అందులోనూ చోటు లేదన్నారు.

మీ
మంగ