వాచీ వెనక గంజి

ఆదివారం రాత్రి, అరుప్పుకోట్టై

రేపు విరుదునగర్ డాక్టరుకి నాన్న పది రోజుల గుండె వేగం చూపించాలి. గురువారం మగ్గం మీదే సోలిపోయినప్పటి దడ కూడా నాన్న చేతి స్మార్ట్‌వాచీలోనే ఉండింది. సాయంత్రం అది నాడి చూపించడం మానేసింది. ఆఫ్ చేసి ఆన్ చేశాను, బ్లూటూత్ తీసి కలిపాను. చివరికి ఓపిక నశించి వాచీనీ, ఫోన్లో యాప్‌నీ రీసెట్ చేసేశాను. అంతా పోయింది.

అప్పుడు తిప్పి చూశాను. వెనక నాడి చూసే పచ్చ లైటు మీద ఎండిన గంజి! పడుగు దారాలకి గంజి పెట్టేటప్పుడు కూడా వాచీ తీయొద్దని నాన్నకి చెప్పింది నేనే. తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది.

"ఇంకో పదినాళ్ళు కట్టుకుంటాలే పాపా" అన్నాడు నాన్న.

ఆ పది రోజులు మాకు ఉన్నాయో లేవో...

వాచీ ఇప్పుడు బాగానే ఉంది. పేరేమిటి, వయసెంత అని అడుగుతోంది.